హీటర్ దీపం ఆరేదాకా

సూదులక్క ఎవర్నీ నమ్మదు. పద్నాలుగేళ్లు చేసిన పని అలాంటిది. ఆసుపత్రి బట్టలు ఉతికే లాండ్రీలో మురికి దుప్పట్లు వేరుచేసే బల్ల దగ్గర నిలబడేది. మూట విప్పాలి, ఒక్కో దుప్పటిని రెండు కొసలూ పట్టుకుని దులపాలి. దూది రాలుతుంది, కట్టుగుడ్డ రాలుతుంది, ఒక్కోసారి రోగికి పొడిచి పారేసిన సూది రాలుతుంది. మిగతావాళ్లు ఒకసారి దులిపితే ఆమె రెండుసార్లు దులిపేది. తెల్లగా, మెత్తగా, ఏ పాపం ఎరగనట్టున్న దుప్పట్లోనే సూది దాక్కుంటుందని ఆమె వేళ్లకు తెలుసు. లాండ్రీ మొత్తంలో ఎక్కువ సూదులు పట్టింది ఆమే. అందుకే ఆ పేరు. కన్నతల్లి పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

దులిపే అలవాటు దుప్పట్లతో ఆగలేదు, మనుషుల మీదికీ పాకింది. పక్కింటావిడ నవ్వితే ఎందుకు నవ్విందా అని, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదా అని బుర్ర బద్దలుకొట్టుకునేది.

ఆ చలికాలం ఉదయం ఏడున్నరకి ఆమె దులుపుతున్నది సొంత మరిదిని.

మరిది అంటే చెల్లెలి మొగుడు. అదే లాండ్రీలో వ్యాను తోలతాడు. ఇప్పటికీ తోలుతున్నాడు. తిరకాసంతా అక్కడే ఉంది. సూదులక్కనీ, ఆమెతో పనిచేసే మడతల పిన్నినీ మూడు నెలల కిందట గేటు బయటికి నెట్టారు, అతన్ని మాత్రం ఉంచారు.

జరిగింది ఇదీ. యాజమాన్యం మందపాటి తొడుగులు ఆపేసి, అంట్లు తోముకునే పల్చటి గ్లౌజులు చేతికిచ్చింది. బట్టలు మడతపెట్టే పిన్నిని లాక్కొచ్చి సూదుల బల్ల దగ్గర నిలబెట్టింది. నాలుగో రోజుకి పిన్ని అరచేతిలో సూది దిగింది. సూదులక్క ప్రమాదాల పుస్తకంలో తేదీ, గంట వేసి మరీ రాసింది. తెల్లారేసరికి ఆ పేజీ లేదు. "ఇంట్లో గుండీ కుట్టుకుంటూ పొడుచుకుని ఇక్కడికొచ్చి ఏడుస్తోంది" అన్నాడు సూపర్‌వైజర్. అబద్ధాలాడారని ఇద్దర్నీ పీకేశారు.

లేబర్ ఆఫీసరుకి ఫిర్యాదు పెట్టారు. రెండు వాయిదాలు యాజమాన్యం ఎగ్గొట్టింది. మూడోది ఈ రోజు, పది గంటలకి. పిలిచినప్పుడు ఫిర్యాదు చేసినవాళ్లు లేకపోతే ఫైలు మూసేస్తామని కాగితం వచ్చింది. వాళ్లు రెండుసార్లు రాకపోతే ఇంకో తేదీ అట, వీళ్లు ఒక్కసారి రాకపోతే మూత అట! ఫైలు మూశారంటే పిన్ని చేతిలో దిగిన సూది ఎప్పటికీ ఇంటి సూదే. పరీక్షలూ మందులూ ఆమె ఖర్మ. ఇద్దరి ఉద్యోగాలకీ నీళ్లొదులుకోవడమే.

ఆఫీసు ఉన్నది కొండకి అవతలి ఊళ్లో. దారి గడ్డకట్టి పొద్దుటి బస్సు వారం నుంచి రావడం లేదు. మిగిలింది మరిది పాత డీజిల్ కారు ఒక్కటే. "నేను దింపుతా వదినా, నాదీ పూచీ" అన్నాడు. ఆ రోజుకి సెలవు కూడా పెట్టుకున్నాడు.

నిన్న సాయంత్రం రొట్టెల కొట్టు నుంచి వస్తూ లాండ్రీ బాయిలర్ షెడ్డు పక్క సందులోకి తొంగి చూసేదాకా సూదులక్కకి ఏ బెంగా లేదు. సందులో మరిది ఉన్నాడు. సూపర్‌వైజర్ చెయ్యి అతని భుజం మీద ఉంది. ఆ చెయ్యి ఏ డ్రైవరు భుజం మీదా పడగా ఆమె ఇంతవరకూ చూడలేదు. మరిది తల దించుకుని బూటు మొనతో మంచు గీకుతున్నాడు. ఆమె అడుగు చప్పుడు కాకుండా వచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు. చూద్దాం, పొద్దున ఏ నాటకం ఆడతాడో చూద్దాం అనుకుంది.

కారు ఇంటి వాకిట్లో ఉంది. బానెట్ ఎత్తి ఉంది. సూదులక్క వంగి చూసింది. బ్యాటరీ ఉండాల్సిన చోట ఖాళీ.

"బ్యాటరీ ఏదయ్యా?"

"లోపల పడుకుంది వదినా."

"ఏంటీ?"

"ఈ చలికి బయట వదిలేస్తే చచ్చూరుకుంటుంది. పొయ్యి పక్కన పెట్టి దుప్పటి కప్పా."

చెల్లెలు గుమ్మంలోంచి అందుకుంది. "నిజమే అక్కా! మంచి దుప్పటి దానికి, చిరుగుది నాకు. పెళ్లయి పన్నెండేళ్లయింది, నన్నొక్కనాడు అంత పదిలంగా ఎత్తుకున్న పాపాన పోలేదు."

"నిన్ను ఎత్తితే నా నడుం పోతుంది. అది పదహారు కేజీలే" అంటూ మరిది బ్యాటరీని పసిబిడ్డలా పొట్టకి ఆనించుకుని తెచ్చాడు.

వెనక సీట్లో అప్పటికే సర్దుకుని కూర్చున్న పిన్ని పకపకా నవ్వింది. సూదులక్క నవ్వలేదు. అతను బ్యాటరీ కూర్చోబెట్టి రెండు తీగలకీ నట్లు బిగించాడు. ఒక్కో నట్టుకి ఎంతసేపు పట్టిందో ఆమె చేతి గడియారంలో చూసుకుంది. అతను వేళ్లు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకున్నప్పుడల్లా ఇదీ నాటకమేనా అనుకుంది.

అతను సీట్లో కూర్చుని, క్లచ్ నేలకంటా తొక్కి, తాళం సగం తిప్పాడు. మీటర్ల పక్కన చుట్టలు తిరిగిన తీగలాంటి బొమ్మతో ఒక నారింజరంగు దీపం వెలిగింది. అతను చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఏం, ఆగిపోయావ్? తిప్పు" అంది పక్క సీట్లోంచి.

"హీటర్ ప్లగ్గులు కాగాలి. డీజిల్ బండికి నిప్పురవ్వ ఉండదు, వేడే దిక్కు. ఆ దీపం ఆరేదాకా తాళం ముట్టుకోకూడదు."

దీపం ఆరింది. అతను తాళం వెనక్కి తిప్పేశాడు. మళ్లీ సగం తిప్పాడు. మళ్లీ దీపం, మళ్లీ చేతులు ఒళ్లో.

"ఆరింది కదయ్యా! మళ్లీ మొదటికెందుకొచ్చావ్?"

"ఈ చలికి ఒక్క కాపు చాలదు వదినా. మూడుసార్లు ఇవ్వాలి."

"నేను దుప్పటి రెండుసార్లు దులిపితే చాదస్తం అన్నారు. నీది మూడుసార్లు."

మూడో కాపు అయ్యాక సెల్ఫ్ కొట్టాడు. ఇంజను ముసలాడు మంచం మీంచి లేస్తున్నట్టు మూలిగింది. వెనక తెల్లటి పొగ ఒక్క ముద్ద వచ్చింది. ఆగిపోయింది. ఇంకోసారి. పొగ కూడా రాలేదు.

ఎనిమిదికి ఇంకా పది నిమిషాలుంది. కొండ దాటడానికి గంటన్నర పడుతుంది.

అతను దిగి ఫిల్టరు కింద మర వదులు చేసి చేతిలో కొంచెం డీజిల్ పట్టాడు. అది కారలేదు. కొవ్వొత్తి మైనంలా తెల్లగా, మందంగా అరచేతిలో కూర్చుంది.

"పేరుకుపోయింది. చలికాలం డీజిల్ మన బంకుకి ఇంకా రాలేదు. ట్యాంకులో ఉన్నది ఎండాకాలందే."

"పోయించుకునేటప్పుడు తెలీదా?"

"తెలుసు."

"తెలిస్తే?"

మరిది నీళ్లు నమిలాడు. "రాత్రికి గడ్డకట్టకుండా కాస్త కిరసనాయిలు కలుపుదామనుకున్నా. మరిచిపోయా."

పద్దెనిమిదేళ్లుగా బండి తోలుతున్నవాడు మరిచిపోయాడట! బ్యాటరీకి దుప్పటి కప్పడం గుర్తుంది, కిరసనాయిలు గుర్తులేదు. సందులో పెద్దమనిషి భుజం తట్టేసరికి మతిమరుపొచ్చింది కాబోలు. చెవిలో పువ్వు పెడుతున్నాడు అనుకుంది. అతను వేడినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లాడు.

సూదులక్క ఒక్క గెంతులో డ్రైవరు సీట్లోకి మారింది.

"అమ్మాయ్, నీకు తోలడం వచ్చా?" అంది పిన్ని.

"తోలను పిన్నీ. తిప్పి చూస్తా. నా చేతిలో లేచిందంటే వాడి బండారం బయటపడుతుంది."

ఎదుట ఎత్తి ఉన్న బానెట్ తప్ప ఆమెకి ఏమీ కనబడటం లేదు. పక్క గుమ్మంలోంచి మరిది చెంబుతో వచ్చి ఫిల్టరుకి గుడ్డ చుట్టి వేడినీళ్లు పోస్తున్నాడని ఆమెకి తెలీదు. తాళం పూర్తిగా తిప్పింది. కాపు లేదు, క్లచ్ లేదు. కారు కుక్క కరిచినట్టు ముందుకి ఎగిరింది. ఆమె వేళ్లు బిగుసుకుపోయి తాళం వదల్లేదు. అది ఇంకోసారి ఎగిరింది. ఇనుప చెంబు దొర్లిన మోత, "అమ్మో" అని ఒక కేక.

దిగి పరిగెత్తింది. మరిది మంచులో కూలబడి ఎడమ మోకాలు పట్టుకున్నాడు. చెల్లెలు లబోదిబోమంటూ వచ్చింది.

"గేర్లో ఉందే! క్లచ్ తొక్కకుండా ఎవరు తిప్పమన్నారు నిన్ను?" అని మరిది అరిచాడు.

"గేర్లో ఎందుకు పెట్టావ్? హ్యాండ్‌బ్రేకు లేదా దీనికి?"

"ఈ మంచులో హ్యాండ్‌బ్రేకు లాగి వదిలేస్తే తెల్లారేసరికి చక్రాలకి పట్టేసి గడ్డకడుతుంది. ఇక్కడ ఏ డ్రైవరైనా గేర్లోనే పెట్టి పోతాడు!"

"అన్నిటికీ నీ దగ్గర ఒక జవాబు రడీగా ఉంటుంది."

అతను ఆమె మొహంలోకి చూశాడు. "నువ్వు నన్ను నమ్మట్లేదు కదా వదినా."

"నిన్న బాయిలర్ సందులో నిన్ను చూశా."

చెల్లెలు ఏడుపు ఆపేసింది. "ఏ సందు? ఎవరితో?"

"చెప్పు" అంది సూదులక్క. "నీ పెళ్లాం వినాలి."

అతను మోకాలు వదిలి చేతులు తుడుచుకున్నాడు. "సూపర్‌వైజర్ పిలిచాడు. 'రేపు నీ బండి స్టార్ట్ కాలేదని చెప్పు, చాలు. చలికాలం, ఎవరూ అనుమానించరు. వసంతానికి నిన్ను వ్యాన్లన్నిటికీ పెద్దని చేస్తా' అన్నాడు."

"నువ్వేమన్నావ్?"

"ఏమీ అనలేదు."

"అంటే ఒప్పుకున్నట్టే కదా!"

"అంటే భయపడ్డట్టు! కాదన్నానంటే పొద్దున్నే గేటు బయటుంటా. ఔననలేను. బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డా. ఇంటికొచ్చి బ్యాటరీ లోపల పెట్టా. కానీ మనసు మనసులో లేదు, కిరసనాయిలు మాట గాలికి పోయింది. ఇప్పుడు చూడు, వాడు అబద్ధం చెప్పమన్నది నిజమై కూర్చుంది. దేవుడొచ్చి చెప్పినా ఎవరు నమ్ముతారు?"

"నాక్కూడా చెప్పలేదు" అంది చెల్లెలు.

సూదులక్క అతని మాటల్ని దులిపింది. అమ్ముడుపోయినవాడు బ్యాటరీని వాకిట్లోనే వదిలేసి హాయిగా పడుకుంటాడు, మిగతా పని చలే చూసుకుంటుంది. మళ్లీ దులిపింది. కానీ ఇదంతా ఇలా నమ్మించడానికే ఎత్తుకెళ్లాడేమో? ఎటూ తేలలేదు. ఎనిమిదీ పదయింది.

"నిన్ను నమ్మాలా వద్దా అన్నది తర్వాత చూసుకుంటా. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

"నీ పుణ్యమా అని బ్యాటరీ నీరసించింది. హీటర్‌కి చాలుతుంది, సెల్ఫ్‌కి చాలదు. ఇంకో బిందెడు నీళ్లు కాచి ఫిల్టరు మీద పొయ్యాలి. మూడు కాపులిచ్చి రోడ్డు పల్లంలోకి తొయ్యాలి. రెండో గేర్లో క్లచ్ వదులుతా."

బిందె వచ్చింది. ఫిల్టరు పొగలు కక్కింది. అతను కుంటుకుంటూ సీట్లో కూర్చుని దీపం మూడుసార్లు వెలిగించి మూడుసార్లు ఆర్పాడు. ఈసారి సూదులక్క ఒక్క మాటా అనలేదు, లెక్క మాత్రం పెట్టింది. అక్కాచెల్లెళ్లు చెరో మూలా భుజం ఆనించారు. పిన్ని మంచి చేత్తో ఒక పక్క పట్టింది.

"తొయ్యండే! తిన్నదంతా చూపించండి!" అని పిన్ని అరిచింది.

"తింటే కదా చూపించడానికి!" అంది చెల్లెలు రొప్పుతూ.

కారు గేటు దాటింది. పల్లం అందుకుంది. చేతుల్లోంచి జారిపోయింది. కింద, మూడు ఇళ్ల అవతల కారు ఒక్కసారి కుదుపుతిని ముక్కు దించింది. దగ్గింది. సందు సందంతా తెల్లటి పొగ కమ్మింది. పొగలోంచి దడదడమని ఇంజను మోత వచ్చింది.

ముగ్గురూ కేకలు పెట్టారు. కారు మాత్రం ఆగలేదు. మోత దూరమైంది. మూల తిరిగింది. చప్పుడు కూడా పోయింది.

పొగ విడిపోయాక సందు ఖాళీగా ఉంది. ఒక నిమిషం. రెండు.

"అక్కా" అంది చెల్లెలు సన్నగా, "పోయాడంటావా?"

కట్టుకున్నదే అడుగుతోంటే సూదులక్క ఏం చెప్పాలి? బండి స్టార్ట్ కాలేదని చెప్పడానికి ఇప్పుడు వీల్లేదు, కానీ వెళ్లాల్సినవాళ్లు బండిలో లేరు. ఇంతకన్నా మంచి ఎత్తు సూపర్‌వైజర్‌కే తట్టదు. కాళ్లకింది మంచు చెప్పుల్లోకి దిగుతోంది.

నాలుగో నిమిషంలో పై వీధి నుంచి హారన్ మోగింది. కారు అటునుంచి దిగుతోంది. అద్దం దించి మరిది అరుస్తున్నాడు. "ఎక్కండి, ఎక్కండి! పల్లంలో ఆపితే చచ్చేది! మార్కెట్ చుట్టూ తిప్పుకొచ్చా!"

చెల్లెలు ఇంట్లోనే ఉండిపోయింది. కొండ దారంతా సూదులక్క రోడ్డు చూడలేదు, అతని ఎడమ కాలే చూసింది. గేరు మార్చిన ప్రతిసారీ క్లచ్ మీద ఆ మోకాలు వణికింది, అతను పెదవి కొరుక్కున్నాడు. మలుపులకి ముందు నెమ్మదిస్తే ఎందుకు నెమ్మదించావని అడగబోయి నాలుక కరుచుకుంది. పిన్ని వెనక నుంచి, "మీ ఇద్దరూ పోట్లాడుకోండే బాబూ, ఈ నిశ్శబ్దం నాకు భయంగా ఉంది" అంది.

పదికి ఎనిమిది నిమిషాలుండగా ఆఫీసు ముందు దిగారు. మరిది ఇంజను ఆపకుండా కూర్చున్నాడు. వరండాలో సూపర్‌వైజర్ కాఫీ కప్పుతో నిలబడి ఉన్నాడు. వీళ్లని చూడగానే మొహం మాడిపోయింది.

"బండి... వచ్చిందా?"

"రాదని ఎందుకనుకున్నారు సార్?" అంది పిన్ని. అతను కాఫీలోకి చూసుకున్నాడు.

లేబర్ ఆఫీసరు గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడదాకా ఫైళ్లు. ఆఫీసరు అలసిపోయిన మనిషి. పేర్లు పిలిచాడు, ఇద్దరూ పలికారు. ఫైలు మూతపడలేదు. కానీ అంతకుమించి కదల్లేదు కూడా. సూపర్‌వైజర్ పుస్తకంలో అలాంటి రాతే లేదన్నాడు. సూది ఇంట్లోదే అన్నాడు. ఆఫీసరు సూదులక్క వైపు తిరిగాడు. "మీరు రాశారనడానికి రుజువేదైనా ఉందామ్మా?"

లేదు. ఆమె దగ్గర ఆమె నోరు తప్ప ఏమీ లేదు.

తలుపు తోసుకుని మరిది లోపలికొచ్చాడు. ఒక కాలు ఈడుస్తున్నాడు. "నేను లాండ్రీ డ్రైవర్ని సార్. ఒక మాట చెప్పాలి" అని నిన్న సందులో జరిగింది తడబడుతూ చెప్పాడు. తను ఏమీ అనకుండా నిలబడ్డ సంగతి కూడా దాచలేదు.

సూపర్‌వైజర్ ఒంటికాలి మీద లేచాడు. "ఆమె మరిది సార్ వీడు! అంతా కూడబలుక్కున్నారు!"

ఆఫీసరు కలం బల్ల మీద పెట్టాడు. "అమ్మా, ఇతను మీ మరిది. వాళ్ల దగ్గర పనిచేసే మనిషి. ఇటూ చుట్టమే, అటూ చుట్టమే. ఇతని మాట మీరు నమ్ముతున్నారా?"

గదిలో అందరూ ఆమె వైపు చూశారు. మరిది కూడా. రేపు అతనికి వ్యాను ఉండదు, అది అందరికీ తెలుస్తూనే ఉంది.

"పొద్దున నమ్మలేదు సార్. అనుమానంతో కాలు విరగ్గొట్టబోయా. నేను నమ్మితే ఏం, నమ్మకపోతే ఏం? నన్ను కాదు, ఆయన్ని అడగండి" అని సూపర్‌వైజర్ని చూపించింది. "సూది మా ఇంటిదే అయితే, మా ఇంటి సూది కోసం మేం ఇక్కడికి రాకుండా బండి ఆపించాల్సిన పని ఆయనకేం పడింది? అది అడగండి. మా మరిది చెప్పింది అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి."

సూపర్‌వైజర్ ఏదో అనబోయాడు. ఆఫీసరు చెయ్యెత్తి ఆపి, కలం తీసి రాయడం మొదలుపెట్టాడు. కిటికీ బయట ఇంజను దడదడలాడుతూనే ఉంది. ప్రమాదాల పుస్తకం అసలుది, పేజీలు లెక్కపెట్టి పదిరోజుల్లో తన ముందు పెట్టాలని కూడా చివర రాశాడు. కాగితం సంతకానికి తిప్పాడు.

సూదులక్క సంతకం పెట్టలేదు. వేలు పెట్టి పై నుంచి ఒక్కో వరుసా చదివింది. కింది దాకా వచ్చి మళ్లీ పైకి వెళ్లింది. అయిదో వరుస దగ్గర వేలు ఆగింది.

"సార్, 'బండి స్టార్ట్ కాలేదని చెప్పమని అడిగారు' అని రాశారు. ఎవరడిగారో లేదు."

"అర్థమవుతూనే ఉంది కదమ్మా."

"నాకవుతుంది. మీకూ అవుతుంది. రేపు మీ కుర్చీలోకి ఇంకొకరొస్తే?"

ఆఫీసరు నిట్టూర్చి మరిది వైపు చూశాడు. మరిది గోడకి ఆనుకుని ఉన్నాడు. సూపర్‌వైజర్ అతన్నే చూస్తున్నాడు, కళ్లార్పకుండా. సూదులక్క కూడా మరిదినే చూసింది. ఇప్పుడు గనక నీళ్లు నమిలాడో!

మరిది చెయ్యెత్తి వేలు చూపించాడు. "ఈయనే సార్. నిన్న సాయంత్రం అయిదున్నరకి, బాయిలర్ షెడ్డు పక్కన."

ఆఫీసరు వరుస మీద ఖాళీలో ఆ మాటలు ఇరికించాడు. దిద్దిన చోట సంతకం చెయ్యమంది సూదులక్క. చేశాడు. అప్పుడు కలం అందుకుని, ఇంకొక్కసారి చదివి, తన పేరు రాసింది.